కాళ్లకి వినబడే నేల

భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషిని నేను. బస్సు నడిపిన రోజుల్లో కొండదారిలో బ్రేకులు పోతే ఈల వేసుకుంటూ దిగాననీ, ఎదురొచ్చిన పులి నా హారను వినలేక చెవులు మూసుకుని పక్కకి తప్పుకుందనీ, వినేవాళ్లు దొరకాలేగాని ఇప్పటికీ చెబుతాను. పులి సంగతి కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ ఆ వానాకాలం నన్ను వణికించింది పులీ కాదు, పిడుగూ కాదు. మా హాల్లో పరిచిన నున్నటి నేల.

వానలు మొదలైన కొత్తల్లో మా ఆవిడ ఇంట్లో పడింది. అక్కణ్ణించి మొదలైంది.

ఆవిడకి కంటి నరాలు ఎండిపోతున్నాయని డాక్టరు ఏనాడో చెప్పేశాడు. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, మనిషి అడ్డం వస్తే నీడలా తెలుస్తుంది, అంతే. అయినా ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు చూపు లేదని పోల్చుకోలేరు. బతుకంతా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి, బట్ట వేలికి తగిలితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది. "నా కళ్లు వేళ్లలోకి దిగాయండీ" అనేది. కాళ్లలోకి కూడా దిగాయన్న సంగతి నేను పట్టించుకోలేదు.

మాది మేడమీది వాటా. ఒక కొసన పడకగది, దానిముందు పొడుగాటి హాలు. హాలు అవతలి చివర రెండు దారులు పక్కపక్కనే ఉంటాయి. ఎడమది వంటగదిలోకి, కుడిది వీధిలోకి దిగే మెట్లమీదికి. మెట్లకి పైన తలుపు లేదు. గోడ అయిపోయినచోట మెట్లు మొదలవుతాయి. హాల్లో పాతకాలపు టైల్సు. వంటగదికి బొటనవేలంత ఎత్తు గడప. మెట్ల ముందర, టైల్సు కంటే గోరంత ఎత్తులో, గరుకురాయి పట్టీ.

హాలు మధ్యలో ఒక టైలు డొల్లపడి, కాలేస్తే టక్కుమనేది. ఆ టైలే ఒక ఉదయం అంచు లేచి ఆవిడ వేలికి తగులుకుంది. ఆవిడ ముందుకి పడింది. కనుబొమ్మ చిట్లింది.

మా అమ్మాయి నర్సు. ఎముకల వార్డులో పని. మా దగ్గరే ఉంటుంది. డ్యూటీ నించి ఆ దుస్తుల్లోనే పరిగెత్తుకొచ్చి, తల్లి మొహం కడిగి, కుట్లు వేయించి తీసుకొచ్చి, నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ఈసారి కనుబొమ్మ. వచ్చేసారి తుంటి."

"మీ అమ్మ ఎముకలు ఉక్కువి. నేను చెయ్యి పట్టుకుంటే నా చెయ్యే..."

"నాన్నా. తుంటి విరిగి మా వార్డుకి వచ్చిన పెద్దవాళ్లు తిరిగి నడుచుకుంటూ వెళ్లడం ఎంతమందిని చూశానో తెలుసా? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు."

నేను వేళాకోళానికి నోరు తెరిచాను. మాట దొరకలేదు. నాకు మాట దొరకకపోవడం మా అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు చూడటం. ఆ పిల్ల ఇంకా భయపడింది.

నేల మార్చాలనుకున్నాం. కనుబొమ్మకి కట్టుతో వానలో ఆవిణ్ణి తిప్పడమెందుకని మేమిద్దరమే చెక్క నేలలు అమ్మే దుకాణానికి వెళ్లాం. నున్నటి గోడలకి నున్నటి పలకలు. వాసన మాత్రం కొత్త బీరువా తెరిచినట్టుంది. అమ్మే పిల్ల చలాకీగా ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

"ఇది ఇంజినీర్డ్ వుడ్ సార్."

"మా వంశంలో ఒక్కడికీ రాని ఇంజినీరింగు సీటు ఈ చెక్కముక్కకెలా వచ్చిందమ్మా?"

ఆ పిల్ల నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. అమ్మే పిల్లే చెప్పుకుపోయింది. "పైన అసలు చెక్క పొర ఉంటుంది సార్. కింద పలకలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి అంటిస్తారు. ఒకటి ఉబ్బుదామంటే రెండోది కదలనివ్వదు. అందుకని వానాకాలం వంకరపోదు."

"మొగుడూ పెళ్లాల్లాగన్నమాట."

"నాన్నా!"

"ఇది సన్నరకం" అంటూ అమ్మే పిల్ల ఇంకో ముక్క తీసింది. "పాత నేలమీదే జిగురుతో అంటించేయొచ్చు. తలుపులు కొయ్యక్కర్లేదు."

రెండువేళ్లతో పట్టుకుని చూశాను. "ఇది నేలా, నోటుపుస్తకం అట్టా?"

"అయితే ఇది చూడండి. మందంది. కింద మెత్తటి పొర వేసి, దానిమీద పరుస్తాం. నడిస్తే చప్పుడు కూడా రాదు. పెద్దవాళ్లున్న ఇళ్లకి ఇదే ఎక్కువ పోతుంది."

మా అమ్మాయి ఏమీ అనకుండా మోకాళ్లమీద కూర్చుంది. ఆ మెత్తటి పొరమీద పరిచిన పలకని పిడికిలితో ఒకసారి గుద్దింది. తరవాత మోచేత్తో గుద్దింది. తరవాత, అమ్మే పిల్ల బిత్తరపోయి చూస్తుండగా, ఒక పక్కకి వాలి తుంటితోనే గుద్దింది. లేచి దుస్తులు దులుపుకుంటూ "ఇదే తీసుకుందాం నాన్నా" అంది.

నేను కూడా అదే అన్నాను. భయంలో ఉన్నవాడికి మెత్తనివన్నీ మంచివిగానే కనిపిస్తాయి. మేమిద్దరం ఆ రోజు కొన్నది నడవడానికి నేల కాదు. పడటానికి నేల.

పలకలు పెట్టెల్లో వచ్చాయి. వాటితో మేస్త్రి వచ్చాడు. టీ గ్లాసు కింద పెట్టేముందు కూడా చోటు కొలిచే రకం, అందుకని నేను ఆయనకి కొలతల మేస్త్రి అని పేరు పెట్టాను. వచ్చీరాగానే పని మొదలెడతాడనుకుంటే పెట్టెలన్నీ హాల్లో పడుకోబెట్టి చేతులు దులుపుకున్నాడు.

"కొన్నాళ్లు ఇలాగే ఉండాలి పెద్దాయనా. చెక్కకి మీ ఇంటి గాలి అలవాటు కావాలి. లేకపోతే తరవాత అలుగుతుంది."

మా ఆవిడ పెట్టెల మీద చెయ్యి వేసి తడుముతూ నిలబడింది. "చెక్కకి కూడా అలవాటు కావడానికి గడువిస్తారా? అదృష్టం చేసుకుంది" అంది. మేమంతా నవ్వాం. అది నవ్వే మాట కాదని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

గడువు తీరాక పని చకచకా సాగింది. గడప తీసేశారు. తలుపుల అడుగులు కోశారు. డొల్ల టైలు, గరుకురాయి, అన్నీ మెత్తటి పొర కిందికి పోయాయి, పొరమీద పలకలు వచ్చాయి. పడకగది నించి వంటగది దాకా ఒక్క గుడ్డ పరిచినట్టుంది. గోలీ వదిలితే ఎక్కడా ఆగదు. మా అమ్మాయి చెప్పులు విప్పి అటు నించి ఇటు నడిచి, చాలా రోజుల తరవాత ఊపిరి పీల్చుకుంది.

మా ఆవిణ్ణి తీసుకొచ్చి నిలబెట్టాం. అరికాలు కాస్త ముందుకి జరిపింది, వెనక్కి తీసుకుంది.

"బాగుందామ్మా?"

"బాగుంది."

అంతే. చొక్కా గుండీ బాగుందా అంటే గంటసేపు మాట్లాడే మనిషి.

ఆ తరవాత ఒకటొకటే చూడటం మొదలెట్టాను. ఆవిడ గోడ వదలడం లేదు. ఏనాడూ గోడ పట్టుకుని నడిచిన మనిషి కాదు, ఇప్పుడు వేళ్లు గోడమీద రాసుకుంటూ పోతోంది. ఒక పూట బట్టల అలమర ముందు నిలబడి ఉంది. దాని తలుపు తడుముతోంది.

"వంటగది ఎక్కడ పెట్టారండీ?"

"నిన్న అమ్మేశాం."

నవ్వింది. నవ్వుతూనే నా చొక్కా చెయ్యి పట్టుకుంది. వంటగదిలోకి వెళ్లాక కూడా వదల్లేదు.

ఇంకోసారి పక్కకి వెళ్లి నిలబడితే ఉలిక్కిపడి, చేతిలో గ్లాసు జారవిడిచింది.

"దొంగలా వస్తారేం?"

"దొంగలా ఏముందే, మామూలుగానే వచ్చాను."

"మామూలుగా వస్తే వినబడేది."

అప్పటినించి నేను ఇంట్లో దగ్గుకుంటూ తిరగడం మొదలెట్టాను. కింది వాటాలో కుట్టుపని చేసే ఆయన నాకు క్షయ వచ్చిందేమో కనుక్కోమని మా అమ్మాయిని అడిగాడట. నవ్వాను గానీ దగ్గు మానలేదు. ఆవిడ ఎక్కడికి లేస్తే నేనూ అక్కడికి లేచేవాణ్ణి. "నా వెనక తోకలా ఏమిటండీ ఇది, కూర్చోండి" అని కసిరేది. కూర్చునేవాణ్ణి. కూర్చుని కళ్లు ఆవిడమీదే పెట్టేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. కొలతల మేస్త్రి గోడ అంచుల పట్టీలు బిగించడానికి వచ్చాడు. పడకగది పక్కన కిటికీ కింద కూర్చుని ఒక్కొక్కటే కొడుతున్నాడు. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆయనకి గొడుగుల కథ చెబుతున్నాను.

"బ్రేకు తొక్కితే పాదం పాతాళానికి పోయింది మేస్త్రీ. ఎదర కొండ మలుపు. బస్సునిండా జనం. ఏం చెయ్యాలి? వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టాను. గొడుగులున్నవాళ్లంతా కిటికీల్లోంచి బయటికి చాపి తెరవండి అన్నాను. తెరిచారు. ఇటొక ఇరవై, అటొక ఇరవై! బస్సు గాలిపటమైపోయింది. చక్రాలు నేలని ముద్దుపెట్టుకుంటున్నాయి, వదిలేస్తున్నాయి..."

మా ఆవిడ పడకగదిలోంచి వచ్చింది. చేతిలో ఖాళీ గ్లాసు. నా గొడుగులు వింటూ పెదవి విరుస్తూ నవ్వుకుంటోంది. అదే కొంప ముంచింది. నవ్వులో పడి గోడ మర్చిపోయింది. మునుపటిలాగా, చేతులు ఊపుకుంటూ, హాలు మధ్యలోంచి వంటగదివైపు నడిచింది.

నడుస్తూ కాస్త కుడికి ఒరిగింది. ఒక అడుగులో బెత్తెడు, ఇంకో అడుగులో బెత్తెడు.

నాకు కనిపించేసరికి ఆవిడ హాలు చివర్లో ఉంది. ఎదురుగా వంటగది లేదు. మెట్లున్నాయి.

మేస్త్రి చూశాడు. సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. నేను లేచి పరిగెత్తినా అందను. అరిచాననుకోండి, ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడ్డ కాలు ముందుకే పడుతుంది. తడిరోడ్డు మీద బండి జారుతుంటే గభాల్న బ్రేకు తొక్కకూడదు. ఇంతకాలం స్టీరింగు పట్టుకుని నేర్చుకున్నది అదొక్కటే. గొంతు మార్చలేదు. ఆ బద్ధకపు గొంతుతోనే కథ కొనసాగించాను.

"అందరికీ గొడుగులున్నాయి మేస్త్రీ, ఒక్క మా ఆవిడకే లేదు. ఆవిడ తేలేదు. పాపం, తువ్వాలు పట్టుకుంది."

ఆవిడ ఆగిపోయింది.

"ఎవరు తేలేదు?" మొహం మాత్రం వెనక్కి తిప్పింది. కుడికాలు ఇంకా గాలిలోనే ఉంది. "మేస్త్రిగారూ, ఆ బస్సులో నేనున్నాను. బస్సు మొత్తానికి గొడుగు ఒక్కటే. అది నాది."

"నీదా? నాకు గుర్తులేదే." లేచాను. నడుస్తున్నాను. "ఏం రంగు?"

"నల్లది."

"పిడి?"

"పిడి ఎక్కడుంది, మీరు విరగ్గొట్టలేదూ? పైగా చిల్లు. అందులోంచి గాలి..."

మోచెయ్యి పట్టుకున్నాను. అప్పుడు కాలు కిందికి దించింది. మడమ పలకమీద ఆనింది. వేళ్ల కింద ఏమీ లేదు. ఆ వేళ్లు ఒకసారి ముడుచుకున్నాయి, చాచుకున్నాయి, మళ్లీ ముడుచుకున్నాయి.

"ఓహో" అంది.

గ్లాసు నా చేతికిచ్చి "మంచం దగ్గర దింపండి" అంది. మేస్త్రి సుత్తి అప్పటికి దించాడు.

ఆ మర్నాడు ఆవిడ మంచం దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. ఒళ్లు బాగాలేదని అనలేదు, కాళ్లు నొప్పులని అనలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళితే స్నానాలగదికి వచ్చేది. వదిలితే ఉన్నచోటే నిలబడిపోయేది. ఒకప్పుడు నాకంటే ముందు లేచి ఇల్లంతా చుట్టొచ్చే మనిషి.

మా అమ్మాయి మెట్లకి ఇనుప తలుపు పెట్టిద్దామంది. నాలుగుకాళ్ల ఊతకర్ర తెస్తానంది. పగలు ఎవరినైనా తోడు పెడదామంది.

"తలుపు పెట్టు. తాళం కూడా కొను" అంది మా ఆవిడ గోడవైపు తిరిగి. "అన్నం పెట్టడానికి ఒక కన్నం ఉంచండి చాలు."

"అమ్మా, నువ్వు పడకూడదనేగా ఇదంతా?"

"పడనులేవే. పడుకున్నవాళ్లు ఎక్కడ పడతారు?"

మా అమ్మాయి హాల్లోకి వచ్చి నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు గానీ ముక్కు ఎగపీల్చింది. "కాళ్లు చూశావా నాన్నా? అప్పుడే పిక్కలు జారిపోతున్నాయి. ఇలా వాన తగ్గేదాకా పడుకుందంటే ఇంక లేవదు. పడ్డా ఇంతే, పడకపోయినా ఇంతే."

నాకు ఏది చూసినా దడ పట్టుకుంది. కింద వీధిలో పళ్లబండి ఆయన బుట్ట దబ్బున పెడితే పడకగదిలోకి పరిగెత్తేవాణ్ణి. టీ తాగుతుంటే మెట్లవైపే చూసేవాణ్ణి. ఖాళీ మెట్లు. అక్కడ ఎవరూ లేకపోయినా చూడటం మానలేకపోయాను.

ఆవిణ్ణి నవ్విద్దామని మంచం పక్కన కుర్చీ వేసుకుని గొడుగుల కథ ఎత్తుకున్నాను. ఇటొక యాభై, అటొక యాభై తెరిపించాను. కదల్లేదు. బస్సుని కొండమీంచి ఎగరేసి ఏరు దాటించాను. కదల్లేదు. ఆఖరికి "నీ దగ్గర గొడుగే లేదు, జ్ఞాపకముందా?" అన్నాను.

"లేదులెండి" అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నా అబద్ధం ఒప్పుకోవడం అదే మొదలు. మెట్ల అంచున కాలు చూసినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఏం కావాలో చెప్పవే. ఏదైనా సరే."

గోడవైపు తిరిగే అంది, "నా నేల నాకిచ్చేయండి."

"అదేగా నిన్ను పడేసింది?"

"ఒక్కసారి. అదీ ఆ టైలు లేచిన సంగతి నాకు తెలియక." మొహం ఇటు తిప్పింది. "మంచం దిగితే సిమెంటు. చల్లగా తగిలితే గదిలో ఉన్నట్టు. తరవాత టైల్సు. టక్కుమంటే సగం దూరం. గడప తగిలితే వంటగది. గరుకు తగిలితే మెట్లు. ఇంకేం కావాలండీ నాకు? ఇప్పుడు ఎక్కడ కాలు పెట్టినా ఒకటే. దూదిలో నడిచినట్టుంది. మీ నడక వినబడదు, నా నడకా వినబడదు. ఇల్లే వినబడదు."

"అలా అంటే చదునుగా ఉంటే మంచిదని..."

"తెలిసిన ఎత్తు మీద మనిషి పడడు. తెలియని చదును మీద పడతాడు."

నేను బస్సు నడిపిన దారులన్నీ కళ్లముందు తిరిగాయి. నిజమే. గోతులున్న దారిలో ఎవడూ నిద్రపోడు. ఆ మాట పైకి అనలేదు. అంటే కథ మొదలవుతుందని ఆవిడకి తెలుసు.

పాత టైల్సు అలాగే వదలడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. గోడవారన ఇంకొన్ని కూడా డొల్లబోయాయి మరి. తల్లీ కూతుళ్లు ఒక పూటంతా వాదించుకుని, చివరికి దుకాణానికే వెళ్దామన్నారు. ఈసారి ముగ్గురం. మెట్లు దిగేటప్పుడు ఆవిడ ఒక చేత్తో కూతుర్నీ, ఇంకో చేత్తో మెట్ల పక్క కమ్మీనీ పట్టుకుంది. ఆ పట్టుకి కూతురి చేతిమీద గోళ్ల అచ్చులు పడ్డాయి.

దుకాణంలో చెప్పులు విప్పేసింది. నేలమీద వరసగా పరిచిన నమూనాలున్నాయి. మొదటిదాని మీదికి ఎక్కి నిలబడింది.

"ఆంటీ, ఏ రంగు చూపించమంటారు?"

"రంగు నువ్వు చూసుకో తల్లీ. నాకు మాట్లాడేది కావాలి."

అమ్మే పిల్ల నావైపు చూసింది. నేను పైకప్పువైపు చూశాను.

మా ఆవిడ మడమతో నేలని తట్టింది. "ఇది మూగది. మా ఇంట్లో ఉన్నది ఇదే." రెండోదానిమీదికి వెళ్లింది. "ఇది గొణుగుతోంది." మూడోది సిమెంటు దిమ్మమీద నేరుగా అంటించిన సన్నరకం. నేను నోటుపుస్తకం అట్ట అన్నది. దానిమీద ఒకసారి తట్టింది. ఆగింది. అరికాలు ఈ కొస నించి ఆ కొసకి జరిపింది, మళ్లీ తట్టింది.

"దీని కింద ఒకచోట జిగురు అంటలేదు చూడమ్మా. ఇక్కడ."

ఆ పిల్ల వంగి వేలితో కొట్టి చూసింది. "అవునాంటీ, నమూనాయే కదా అని..."

"తప్పు పట్టడంలేదులే. ఇది చెబుతోంది. కింద ఏముందో అది పైకి చెబుతోంది. నాకు ఇదే కావాలి."

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "అమ్మా, అది మరీ పలుచన. రాయిమీద వేసినట్టే. దానిమీద పడితే..."

మా ఆవిడ చేతులు చాపి కూతురి భుజాలు వెతికి పట్టుకుంది. "పడతానని ఒకటి కొన్నావు. నడుస్తానని ఒకటి కొనవే."

అమ్మే పిల్ల పక్కకి వెళ్లి పెట్టెలు సర్దడం మొదలెట్టింది. మా అమ్మాయి ఆ సన్నటి పలకమీద తనూ చెప్పులు విప్పి నిలబడింది. మడమతో ఒకసారి తట్టింది.

"సరే" అంది.

కొలతల మేస్త్రిని మళ్లీ పిలిచాం. తను వేసింది తనే పీకడమంటే ఎవరికైనా కష్టమే, ఆయన మాత్రం మారు మాట్లాడలేదు. ఆ సుత్తి గాలిలో ఆగిన మధ్యాహ్నం ఆయనా మర్చిపోలేదనుకుంటాను. పడకగదిలో మందంది అలాగే ఉంచమంది మా ఆవిడ. "మూగది పడకగదికే పనికొస్తుంది, మీ నాన్న గురక కాస్త తగ్గి వినబడుతుంది" అంది. హాల్లో మెత్తటి పొర లాగేశారు. డొల్లబోయిన టైల్సు తీసి సిమెంటు నింపి, ఆరాక, సన్నటి పలకలు నేరుగా అంటించారు. అప్పుడు బయటపడిన సంగతేమిటంటే, మెట్ల ముందరి గరుకురాయి టైల్సు కంటే ఎంత ఎత్తుందో, ఆ పలక మందం సరిగ్గా అంతే ఉంది. మందంది వేస్తే పాతిపెట్టాల్సి వచ్చిన రాయి, ఇప్పుడు చెక్కతో సమానంగా, కాలికి తగులుకోకుండా, తన గరుకు తను పెట్టుకుని పైకి వచ్చింది. వంటగదికి గడప మళ్లీ బిగించారు. మా అమ్మాయి దాని ఎత్తు చూసి ఏదో అనబోయి మింగేసింది.

వానలు వెనకపట్టు పట్టాయి. ఒక ఉదయం మా ఆవిడ తలదువ్వుకుని, మంచం అంచున కూర్చుని, మమ్మల్ని పిలిచింది.

"ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడండి. ఎవరూ నా పక్కకి రావద్దు. మీరు మరీ ముఖ్యంగా నోరు తెరవద్దు."

"నేనేం..."

"అదే వద్దన్నది. మీరు మాట్లాడుతుంటే నాకు కాళ్లు చెప్పేది వినబడదు."

బతుకులో నన్ను నోరు మూసుకోమన్నవాళ్లు చాలామంది ఉన్నారు. విన్నది ఆ ఒక్కసారే.

లేచింది. గది గుమ్మందాకా వచ్చి ఆగింది. కాలు హాల్లోకి దించింది. పలక చిన్నగా పలికింది. ఇంకో అడుగు వేసింది. తల కాస్త వంచి, పక్కింట్లో ఏదో మాట్లాడుకుంటుంటే వినే మనిషిలా నడుస్తోంది. గోడ దగ్గరికి పోలేదు. హాలు మధ్యకి వచ్చింది. మేస్త్రి ఆ పాత డొల్ల టైలు తీసి సిమెంటు నింపినచోట అడుగుల మోత మారింది. ఆవిడ ఆగి, అక్కడే మడమతో రెండుసార్లు కొట్టి, ముందుకి వెళ్లింది.

అప్పుడు కుడికి ఒరగడం మొదలెట్టింది.

మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. వంటగది ఎడమన ఉంది. ఆవిడ కుడికి పోతోంది. ఒక అడుగులో బెత్తెడు, ఇంకో అడుగులో బెత్తెడు. ఏ అబద్ధం చెప్పినా ఆగుతుంది, నాకు తెలుసు. చెప్పొద్దంది. నా అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ పాదం గరుకురాయిమీద పడింది.

ఆగింది. అరికాలు రాతిమీద అటూ ఇటూ రాసింది, చెప్పుకి అంటిన మట్టి వదిలించుకున్నట్టు. చెయ్యి పక్కకి చాపింది. కమ్మీ దొరికింది. ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. తల కనబడకుండా పోయింది. ఆవిడ దారి తప్పలేదు. మొదటినించీ వీధిలోకే బయలుదేరింది.

కింద వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది. తరవాత పళ్లబండి ఆయన "అమ్మో, ఎన్నాళ్లకి!" అనడం, ఈవిడ "ఎన్నాళ్లకైనా మెత్తబడ్డ పళ్లు నాకు అంటగట్టలేవు, ఇటివ్వు, నొక్కి చూడనీ" అనడం వినిపించాయి. మా అమ్మాయి నా మణికట్టు వదిలి, రెండేసి మెట్లు దిగుతూ కిందికి పరిగెత్తింది.

"ఏమండీ!" కిందనించి మా ఆవిడ కేక. "సంచి మర్చిపోయాను. పట్టుకురండి!"

"వస్తున్నా" అన్నాను.

అని, చూసుకుంటే నేలమీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. చెయ్యి ఆనించి లేవబోయాను. నేల గట్టిగానే ఉంది. నా కాళ్లే రాలేదు.